లండన్‌లో గడియారం చూసి తిన్న వారం

సోమవారం

మే నెల ఆఖరి సోమవారం ఇంగ్లండులో సెలవు. బ్యాంక్ హాలిడే అంటారు. 2025లో అది 26వ తేదీన వచ్చింది. ముందురోజు రాత్రే దిగిన నాకూ మా ఆవిడకీ ఊరు చూడాలన్న తొందర ఉంది. మా మేనకోడలు మాత్రం, "ఎంత తిరుగుతారో తిరగండి మావయ్యా, భోజనానికి ఇంటికొచ్చేయండి. ఇవాళ హోటళ్ళ తగ్గింపు ఆఫర్లేవీ పనిచెయ్యవు" అని ముందే చెప్పేసింది.

ఆ పిల్ల లండన్‌లోని ఈస్ట్ హామ్ పేటలో ఉండి మాస్టర్స్ చదువుతోంది. శనివారాలు ఒక రెస్టారెంట్లో వడ్డన పని. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పనిచెయ్యకూడదు. ఆ కాస్త సమయంలోనే దానికి హోటల్ వ్యాపారం లోగుట్టంతా పట్టుబడింది. పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఫోన్‌లో నాలుగైదు రెస్టారెంట్ల పేజీలు తెరిచి, ఆఫర్ కింద ఉండే సన్నక్షరాలు చూపించింది. అన్నిట్లోనూ దాదాపు ఒకటే పాట. సోమవారం నుంచి గురువారం వరకే. మధ్యాహ్నం 12 నుంచి రెండున్నర, లేదా సాయంత్రం 5 నుంచి ఆరున్నర. బ్యాంక్ హాలిడేలకు వర్తించదు. ఎక్కువమంది కలిసి వస్తే వర్తించదు.

"ఖాళీ కుర్చీకి కూడా అద్దె కట్టాలి కదా" అంది. వంటవాడు వచ్చేశాడు, పొయ్యి వెలిగింది. 21 ఏళ్ళు నిండిన పనివాళ్ళకి గంటకి కనీసం 12.21 పౌండ్లు ఇవ్వాలని ఆ ఏప్రిల్ నుంచి చట్టం. మంగళవారం మధ్యాహ్నం హాలు సగం ఖాళీగా ఉంటే ఆ ఖర్చంతా గాలికి పోతుంది. అందుకని ఆ వేళకి వచ్చేవాడికి అదే కూర, అదే ప్లేటు తక్కువకి ఇస్తారు. శనివారం రాత్రి టేబుల్ కోసం జనం ఎగబడుతుంటే తగ్గించాల్సిన అవసరం ఎవరికి? కాబట్టి లండన్‌లో చవకగా తినాలంటే ఏ వీధికి వెళ్ళాలన్నది తర్వాత, ముందు ఏ రోజు, ఎన్ని గంటలకి అన్నది చూసుకోవాలని దాని సిద్ధాంతం. వారం తిరిగేసరికి నేనూ ఆ మతంలో కలిసిపోయాను.

అప్పుడు పౌండు దాదాపు 115 రూపాయలు. మెనూ చూడగానే 115తో గుణించడం మా ఆవిడకి చేతకాని పని కాదు, మానడమే చేతకాదు. గుణకారం మొదలైతే ముద్ద దిగదు. అందుకని ఒక ఒప్పందానికొచ్చాం. రోజుకి ఒక పూట బయట కూర్చుని తినడం, రెండో పూట ఇల్లో, పార్కు బెంచీయో. ఆ రాత్రి ఈస్ట్ హామ్ హై స్ట్రీట్‌లో దొరికిన గోంగూరతో పప్పు.

మంగళవారం

యూస్టన్ స్టేషన్ పక్కన డ్రమండ్ స్ట్రీట్. పొట్టి వీధి. హెచ్‌ఎస్2 రైలు మార్గం పనుల కోసం వేసిన కంచెల పక్కనుంచి దారి వెతుక్కుంటూ వెళ్ళాలి. ఆ పనుల వల్ల అక్కడి కొట్లకి గిరాకీ తగ్గిందని ఏళ్ళుగా వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. అంబాలా మిఠాయి కొట్టు 1965లో మొదలైంది ఈ వీధిలోనే. దివానా భేల్‌పూరీ హౌస్ కూడా 1970ల నాటిది. ఈ వీధి ప్రత్యేకత మధ్యాహ్నం బఫే. అంతా శాకాహారం, ఒకసారి డబ్బు కట్టి ఎంత కావాలంటే అంత వడ్డించుకోవడమే. మా ఆవిడ మాంసం ముట్టదు, నేను గొడ్డుమాంసం తప్ప ఏదైనా తింటాను. కాబట్టి ఇద్దరికీ పేచీ లేని చోటు ఇదే.

బఫేకి కూడా గడియారం ఉంది. మేం పన్నెండుంబావుకే చేరాం. చెక్క బల్లలు, వరసగా స్టీలు ట్రేలు, పూరీలు పొంగు దిగకముందే పళ్ళెంలోకి వచ్చాయి. ఒకటిన్నర దాటాక చూస్తే వడ్డనల దగ్గర నిలబడ్డ పెద్దాయన కొత్త ట్రే తేవడం మానేశాడు. మిగిలిన బంగాళాదుంప కూరని గరిటెతో ఒక మూలకి పోగేసి ట్రే నిండుగా కనపడేలా సర్దుతున్నాడు. మన పెళ్ళి భోజనాల్లో ఆఖరి బంతి అలాగే ఉంటుంది కదా. బఫేకి ఆలస్యంగా వెళ్ళేవాడు అంతే డబ్బు కట్టి అడుగు కూర తింటాడు. ముందు వెళ్ళినవాడికి ఇది ఊళ్ళోకెల్లా మంచి బేరం.

తిన్నాక నడుచుకుంటూ స్ట్రాండ్ వైపు వెళ్ళాం. ఇండియా క్లబ్ ఉన్న భవనం చూడాలని నాకు చాలాకాలంగా ఉండేది. బ్రిటన్‌లో మన స్వాతంత్ర్యం కోసం పనిచేసిన ఇండియా లీగ్‌తో, దాని నాయకుడు కృష్ణ మీనన్‌తో ముడిపడిన చోటది. 1951లో పుట్టిన ఆ క్లబ్బులో మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్తే దోసె, కూర, అన్నం తక్కువ ధరకే దొరికేవి. 2023 సెప్టెంబరులో మూసేశారు. స్ట్రాండ్ లాంటి వీధిలో ఆ ధరలకి అన్నం పెట్టిన చోటు ఇక రాదు. ఎంత మంచి ఆఫరైనా రెస్టారెంటు ఇస్తున్నంతకాలమే. ఇండియా క్లబ్బుది అసలు ధరే తక్కువ. రెండిటికీ తేడా ఉంది.

బుధవారం

ఈ రోజు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

వెస్ట్ ఎండ్ అంటే నాటకాల పేట. సాయంత్రం ఆటలు చాలావరకు ఏడున్నరకి మొదలవుతాయి. నాటకానికి వెళ్ళేవాళ్ళు అంతకు ముందే తినేయాలి. అందుకని చుట్టుపక్కల రెస్టారెంట్లు ఐదింటి నుంచి ఆరున్నర దాకా ప్రీ థియేటర్ మెనూ పెడతాయి. రెండు మూడు రకాలు కలిపి ఒకే ధర. నాటకం టికెట్ చూపించమని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ వేళకి వచ్చి, చెప్పిన టైముకి లేచి వెళ్ళిపోతే చాలు. తర్వాత ఎనిమిదింటికి పూర్తి ధర కట్టేవాళ్ళు అదే కుర్చీలో కూర్చుంటారు. అంటే ఒక రాత్రిలో ఒకే టేబుల్‌ని రెండుసార్లు అమ్ముతున్నారన్నమాట.

కావెంట్ గార్డెన్ దగ్గర ఒక చోట మేనకోడలు మాకు ఐదున్నరకి టేబుల్ బుక్ చేసింది. మే నెలాఖరులో లండన్‌లో సూర్యుడు అస్తమించేసరికి రాత్రి తొమ్మిది అవుతుంది. ఐదున్నరకి నడినెత్తిన కాకపోయినా ఎండ బాగానే ఉంది. మనకది మిరపకాయ బజ్జీల వేళ. ఆ వెలుతురులో రాత్రి భోజనానికి కూర్చోవడమంటే మా ఆవిడకి నవ్వాగలేదు.

కూర్చోగానే తెచ్చిచ్చిన మెనూలో సెట్ ధర ఎక్కడా లేదు. అందులో ఒక్క మెయిన్ కోర్సే 24 పౌండ్లు. "ప్రీ థియేటర్ మెనూ ఉందా?" అని అడిగితే, "ఓ, తప్పకుండా" అని ఇంకో చిన్న కాగితం తెచ్చాడు. రెండు రకాలకి 22 పౌండ్లు. అడగనివాళ్ళకి ఆ కాగితం వస్తుందో రాదో చెప్పలేను గానీ, పక్క టేబుల్ జంట ముందు మాత్రం పెద్ద మెనూయే ఉంది.

తర్వాత నీళ్ళు. "స్టిల్లా, స్పార్క్లింగా?" అని మర్యాదగా అడుగుతారు. మొదటిది మామూలు సీసా నీళ్ళు, రెండోది గ్యాసు నీళ్ళు, రెండిటికీ డబ్బులే. మూడో జవాబు ట్యాప్ వాటర్. ఇంగ్లండులో అక్కడే కూర్చుని తాగడానికి మద్యం అమ్మే లైసెన్సు ఉన్న చోట్ల అడిగినవాళ్ళకి మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలన్నది లైసెన్సు షరతు. మొహమాటం అక్కర్లేదు, అక్కడివాళ్ళు కూడా అదే అడుగుతారు.

మూడోది సైడ్స్. సెట్ మెనూలో చేప అంటే చేపే. తెల్లటి పెద్ద పళ్ళెం మధ్యలో అరచేయంత ముక్క, దాని చుట్టూ చెంచాడు పచ్చటి సాస్, పైన రెండు ఆకులు. బంగాళాదుంపలు, కూరగాయలు విడిగా చెప్పుకోవాలి. మా ఆవిడకి వచ్చిన పుట్టగొడుగుల రిసోట్టో, ఇటలీవాళ్ళ మెత్తటి అన్నం, కడుపు నింపేదే, నా చేప మాత్రం ఆకలిని లేపి ఊరుకుంది. ఆరున్నర పౌండ్లు పెట్టి వేయించిన బంగాళాదుంపలు తెప్పించాను.

బిల్లు చూడండి. ఇద్దరికీ 44, దుంపలకి 6.50, మొత్తం 50.50. దాని మీద పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జి 6.31. వెరసి 56.81 పౌండ్లు. మన దగ్గర జీఎస్టీ కలిపినట్టు అక్కడ పన్ను విడిగా కలపరు, 20 శాతం వ్యాట్ మెనూ ధరలోనే ఉంటుంది. సర్వీస్ చార్జి పక్కన మాత్రం ఐచ్ఛికం అని రాసి ఉంటుంది. వద్దంటే తీసేస్తారు. తీయించాలా అని మా ఆవిడ కళ్ళతోనే అడిగింది. నేను తీయించలేదు. 2024 అక్టోబరు 1 నుంచి టిప్పులు, సర్వీస్ చార్జీలు మొత్తం పనివాళ్ళకే చేరాలని అక్కడ చట్టం వచ్చింది. మా మేనకోడలు శనివారం రాత్రి పదకొండింటి దాకా నిలబడి సంపాదించేదాంట్లో అదీ ఒక భాగం. వడ్డన బాగా లేకపోతే తీయించండి, డబ్బు మిగుల్చుకోవడానికైతే వద్దు. అయితే డిస్కౌంట్ ఉన్న బిల్లులో ఒకటి చూసుకోవాలి. కొన్నిచోట్ల తగ్గింపు తీసెయ్యకముందు మొత్తం మీద సర్వీస్ చార్జి లెక్కేస్తారు.

మొత్తానికి 44 అనుకున్నది 57కి తేలింది. అయినా అదే చోట రాత్రి ఎనిమిదింటికి ఆ రెండు రకాలూ తింటే ఎనభై దాటేది. ఏడుంబావుకి టేబుల్ ఖాళీ చేశాం. బయట ఇంకా ఎండే.

గురువారం

రోజంతా మ్యూజియంలు. ఆ వారం స్కూళ్ళకి హాఫ్ టర్మ్ సెలవులు కాబట్టి ఎక్కడ చూసినా పిల్లలే. పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళేవాళ్ళకి ఇది మంచి వారం. పెద్దవాళ్ళు ఒక భోజనం కొంటే పిల్లలకి ఉచితమనే ఆఫర్లు గొలుసు హోటళ్ళు సరిగ్గా సెలవుల్లోనే పెడతాయి. మాకు ఆ అవకాశం లేదు.

మధ్యాహ్నం మీల్ డీల్. సూపర్ మార్కెట్లో ఒక శాండ్‌విచ్చో సలాడో, ఒక చిరుతిండి, ఒక డ్రింకు కలిపి ఒకే ధర. మేం వెళ్ళినప్పుడు టెస్కోలో క్లబ్‌కార్డు ఉంటే 3.60, లేకపోతే 4 పౌండ్లు. కార్డు ఫోన్‌లోనే ఉచితంగా వస్తుంది. ఇందులో కిటుకు ఏమిటంటే మూడిట్లో ఖరీదైనవి ఏరుకోవడం. మంచినీళ్ళ సీసా తీసుకునేవాడు నష్టపోతాడు, పళ్ళరసం తీసుకునేవాడు లాభపడతాడు. అక్కడ ఆఫీసు జనం షెల్ఫ్ ముందు నిలబడి ఈ లెక్కలు ఎంత శ్రద్ధగా వేసుకుంటారో చూడాలి. చల్లటి బ్రెడ్డు తినాల్సొచ్చినందుకు మా ఆవిడ మొహం ముడుచుకుంది గానీ, 115తో గుణించి చూసుకుని మళ్ళీ తేరుకుంది.

కాఫీ కొట్లలో ఇంకో చిత్రం. "ఇక్కడే తింటారా, పట్టుకెళ్తారా?" అని అడుగుతారు. చల్లటి శాండ్‌విచ్ పట్టుకెళ్తే వ్యాట్ లేదు, అక్కడే కూర్చుంటే 20 శాతం పడుతుంది. అందుకే బోర్డు మీద ఒకే శాండ్‌విచ్‌కి రెండు ధరలు కనపడతాయి. వేడిగా ఉండే తిండికి మాత్రం పట్టుకెళ్ళినా పన్ను తప్పదు. సెయింట్ జేమ్స్ పార్కులో బెంచీ మీద కూర్చున్నాం. పక్కనున్న మడత కుర్చీల్లో కూర్చుంటే అద్దె కట్టాలి, బెంచీ ఉచితం.

సాయంత్రం టూ గుడ్ టు గో యాప్. డెన్మార్క్‌లో పుట్టింది. బేకరీలు, కాఫీ కొట్లు, హోటళ్ళు ఆ రోజు మిగిలిపోయినవి పారెయ్యకుండా ఒక సంచీలో వేసి, సుమారు మూడో వంతు ధరకి అమ్ముతాయి. డబ్బు ముందే కట్టాలి, చెప్పిన అరగంటలో వెళ్ళి తెచ్చుకోవాలి, లోపల ఏముందో తెరిచేదాకా తెలీదు. ఏడింటికి ఒక బేకరీ దగ్గర మా సంచీ తీసుకున్నాం. రెండు క్రొసాంలు, అంచులు గట్టిపడ్డ ఒక పెద్ద రొట్టె, పంది మాంసం పెట్టిన ఒక హామ్ శాండ్‌విచ్. ఆ చివరిది మేనకోడలు తీసుకుంది. శాకాహారులకి ఈ యాప్‌లో బేకరీలే కాస్త నయం. అదీ ఏది వచ్చినా పర్లేదనుకునేవాళ్ళకే.

శుక్రవారం

మేఫెయిర్‌లో, గొప్ప వంటకి గుర్తింపుగా ఇచ్చే మిషెలిన్ స్టార్ ఉన్న ఒక రెస్టారెంటు గుమ్మంలో మెనూ అద్దం వెనక పెట్టారు. రాత్రి భోజనం మనిషికి వంద పౌండ్లు పైచిలుకు, మధ్యాహ్నం మూడు రకాల సెట్ లంచ్ అందులో సగం. పేరున్న చోట్లలో మామూలు రోజుల్లో చాలావాటికి ఇలాంటి లంచ్ ఉంటుంది. అదే వంట, అదే పింగాణీ. ఆ స్థాయి తిండి ఒక్కసారైనా రుచి చూడాలనుకునేవాళ్ళకి అదే సరైన దారి. మేం మాత్రం అద్దంలోంచి చదివి ముందుకెళ్ళిపోయాం. సగం ధరకి వచ్చినంత మాత్రాన యాభై పౌండ్లు చవక అయిపోవు.

శుక్రవారం సాయంత్రానికి ఆఫర్ల వేళలు అయిపోతాయి. అలాంటప్పుడు ఆఫర్ అక్కర్లేని చోటు చూసుకోవాలి. మేనకోడలితో కలిసి ముగ్గురం తూర్పు లండన్‌కి వెళ్ళాం. బ్రిక్ లేన్‌లో అడుగుపెట్టగానే ఒకాయన మెనూ పట్టుకుని ఎదురొచ్చాడు. "రండి సార్, 20 శాతం తగ్గింపు, ఒక డ్రింకు ఉచితం." నవ్వి ముందుకి నడిచాం. నాలుగడుగులకి అది 25 అయింది. వీధి మలుపుకి వచ్చేసరికి 30, డ్రింకులు ముగ్గురికీ. ఇంకో వంద గజాలు నడిస్తే ఎదురు డబ్బులిచ్చేలా ఉన్నాడు. నడిచేకొద్దీ పెరిగే తగ్గింపు అంటే మెనూలో ముందే కలిపి ఉంచినదన్నమాట. పాండీ బజార్లో చీర బేరం ఆడినవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి కొంచెం నడిస్తే వైట్‌చాపెల్‌లో తయ్యబ్స్. 1972 నాటి పంజాబీ హోటల్. తగ్గింపు లేదు, ఉచితం లేదు, క్యూ మాత్రం గుమ్మం దాటి ఉంది. మద్యం వాళ్ళు అమ్మరు, కావలసినవాళ్ళు బయట కొని తెచ్చుకోవచ్చు. లండన్‌లో బిల్లు పెంచేది ముఖ్యంగా మద్యమే కాబట్టి, తాగేవాళ్ళకి ఈ ఒక్క వెసులుబాటే పెద్ద డిస్కౌంటు. ముప్పావుగంట నిలబడ్డాక టేబుల్ దొరికింది. లాంబ్ చాప్స్ ఇనప పెనం మీదే వచ్చాయి, కింద ఉల్లిపాయ ముక్కలు చిటపటలాడుతూ, నూనె చుక్కలు టేబుల్ మీదికి ఎగురుతూ. పొగ ఆ టేబుల్ నుంచి ఈ టేబుల్‌కి తిరుగుతూనే ఉంటుంది. మా ఆవిడ పప్పు, పనీరు, నాన్ తింది. ముగ్గురికీ అయిన బిల్లు బుధవారం ఇద్దరికీ అయినదానికన్నా తక్కువ. మర్నాడు చొక్కా ఉతికినా ఆ వాసన పూర్తిగా పోలేదు.

శనివారం

మేనకోడలు పనికి వెళ్ళింది. మేం ఈస్ట్ హామ్ దాటలేదు. గుడికి వెళ్ళి, హై స్ట్రీట్ నార్త్‌లో ఒక హోటల్లో మసాలా దోసె తిని, ఫిల్టర్ కాఫీ తాగాం. నగరం నడిబొడ్డున అదే దోసెకి దాదాపు రెట్టింపు అవుతుంది. పచ్చి కొబ్బరి చట్నీ బాగుంది, సాంబారులో బెల్లం కాస్త ఎక్కువైంది.

ఆదివారం

ఎలిజబెత్ లైన్ రైలెక్కి, పంజాబీలు ఎక్కువగా ఉండే సౌతాల్. స్టేషన్ పేరు బోర్డు మీద ఇంగ్లీషుతోపాటు పంజాబీ లిపి గురుముఖిలోనూ ఉంటుంది. హావ్‌లాక్ రోడ్డులోని శ్రీ గురు సింగ్ సభ గురుద్వారా 2003లో తెరిచారు. తలకి గుడ్డ కట్టుకుని, చెప్పులు విడిచి, దర్శనం చేసుకుని లంగర్‌లో, అంటే గురుద్వారా భోజనశాలలో కూర్చున్నాం. రొట్టె, పప్పు, కూర, పాయసం. ఎవరు వచ్చినా ఉచితమే. చవకగా తినే చోట్ల జాబితాల్లో కొందరు దీన్ని కూడా చేరుస్తారు, నాకది నచ్చదు. తిన్నాక మా ఆవిడ గిన్నెలు కడిగే చోటికి వెళ్ళి కొంగు బిగించి నిలబడింది. నేను హుండీలో వెయ్యడంతో సరిపెట్టాను.

తిరుగు రైల్లో మేనకోడలి ఫోన్‌కి మెయిల్ వచ్చింది. కొత్తగా తెరవబోయే రెస్టారెంట్లు అసలు ప్రారంభానికి ముందు వంటవాళ్ళ చెయ్యి కుదురుకోవడానికి కొన్ని రోజులు సగం ధరకే వడ్డిస్తాయి. సాఫ్ట్ లాంచ్ అంటారు. ముందే పేరు నమోదు చేసుకుంటే కబురు పంపిస్తారు. నెల క్రితం ముగ్గురికీ కలిపి పేరు రాయించిన చోట ఇప్పుడు టేబుల్ దొరికింది. మంగళవారం, సాయంత్రం ఆరింటికి. మా విమానం సోమవారం మధ్యాహ్నం. "టికెట్లు మార్చుకోవడానికి ఎంతవుతుంది?" అని మా ఆవిడ నిజంగానే అడిగింది. ఎంతవుతుందో చూసి, 115తో గుణించి, ఆ టేబుల్ మేనకోడలి రూమ్మేట్లకి వదిలేశాం.